పబ్బులో పందెం కాయొచ్చు, పబ్బు మాత్రం కాయకూడదు

బ్రిటన్‌లో ఒక మామూలు పబ్బులో రంగుదీపాల ఫ్రూట్ మెషీన్ (నాణెం వేసి ఆడే జూదపు యంత్రం), గోడకు అంటించిన గుర్రప్పందేల స్వీప్‌స్టేక్ కాగితం, వారానికో రాత్రి పోకర్ ఆట ఉంటుందని చెప్పే బోర్డు ఒకేచోట కనిపించడం సాధారణం. చూసేవారికి మూడూ ఒకే కోవకు చెందిన కాలక్షేపాలుగా తోస్తాయి. చట్టానికి మాత్రం ఇవి మూడు వేర్వేరు వ్యవహారాలు: మొదటిది గేమింగ్ మెషీన్, రెండోది లాటరీ, మూడోది సమాన అవకాశాల ఆట. ఒక్కోదానికి ఒక్కో రకం అనుమతి, ఒక్కో రకం పరిమితి ఉన్నాయి. పబ్బు నడిపేవారు చిక్కుల్లో పడేది చాలావరకు వీటిని కలగాపులగం చేసినప్పుడే. పందెం చిన్నదైతే ఏదైనా చెల్లుతుందన్న నమ్మకమే ఆ పొరపాటుకు మూలం.

గ్రేట్ బ్రిటన్‌లో, అంటే ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో, జూదాన్ని నియంత్రించేది 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం. దాని ప్రధాన నిబంధనలు 2007 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాయి. ఉత్తర ఐర్లండ్‌కు వేరే చట్టం ఉంది కాబట్టి ఈ వ్యాసంలో చెప్పేవి అక్కడికి వర్తించవు. దేశస్థాయిలో నియంత్రణ బాధ్యత గ్యాంబ్లింగ్ కమిషన్‌ది. పబ్బుల నోటీసులు, పర్మిట్లు చూసేది స్థానిక కౌన్సిల్, స్కాట్లండ్‌లోనైతే లైసెన్సింగ్ బోర్డు. జూదం నేరాలకు ఆలవాలం కాకూడదు, ఆట నిజాయితీగా, బాహాటంగా జరగాలి, పిల్లలకూ బలహీన స్థితిలో ఉన్నవారికీ హాని కలగకూడదు అన్న మూడు లక్ష్యాలను చట్టం మొదటి సెక్షన్‌లోనే చెప్పుకుంది. కౌన్సిల్ అధికారి తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ చివరికి ఈ మూడింటితోనే తూచి చూస్తారు.

పబ్బులో ఆటల మీద అనుమానం అక్కడ కొత్తది కాదు. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1541లో, జనం పాచికలు, పేకాటలు మరిగి విలువిద్య సాధన మానేస్తున్నారన్న కారణంతో ఒక చట్టమే చేశారు. శతాబ్దాలపాటు మద్యం దుకాణంలో డబ్బు పెట్టి ఆడటాన్ని నేరంగానో, కనీసం లైసెన్సుకు ముప్పుగానో చూశారు. 1960 నాటి బెట్టింగ్, గేమింగ్ చట్టంతో ఈ ధోరణి మారింది. పబ్బులో డామినోలు, క్రిబ్బేజ్ అనే పేకాట డబ్బుకు ఆడుకోవచ్చని ఆ చట్టం ఒప్పుకుంది. ముసలివాళ్లు సాయంత్రం పూట కూర్చుని ఆడుకునే ఆ రెండు ఆటలకు ఇప్పటికీ ప్రత్యేక గౌరవం దక్కుతూనే ఉంది. మిగతా ఆటలన్నింటికీ పందెం మీద పరిమితి ఉండగా, ఈ రెండింటికి లేదు.

పైకి చూస్తే ఇదంతా పౌండ్ల లెక్కల జాబితాలా ఉంటుంది. ఐదు, యాభై, వంద, రెండు వేలు అంటూ సాగే ఆ అంకెలను బట్టీ పట్టినా చట్టం తీరు అర్థం కాదు. అసలు సూత్రం వేరే ఉంది. పందెం ఎంత అన్న ప్రశ్న కన్నా, ఆ పందెంలో పబ్బుకు వాటా ఉందా అన్న ప్రశ్నకే చట్టం ఎక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. నలుగురు కస్టమర్లు తమలో తాము ఐదేసి పౌండ్లు పెట్టుకుని ఆడితే చట్టానికి పెద్దగా అభ్యంతరం లేదు. అదే ఆటకు పబ్బు యజమాని ఒక్కొక్కరి దగ్గర ఒక్క పౌండు కుర్చీ డబ్బులు వసూలు చేస్తే అది చట్టవిరుద్ధమైన జూదం అవుతుంది. పబ్బుకు దక్కాల్సింది ఆడుతూ తాగిన బీరు డబ్బే కానీ ఆట డబ్బు కాదు. దీనికి మినహాయింపు గేమింగ్ మెషీను ఒక్కటే. ఆ మెషీను మీద అన్ని రకాల కట్టుబాట్లు పేరుకుపోవడానికి కారణం కూడా ఇదే.

ముందు అది పబ్బేనా?

ఈ వెసులుబాట్లు మద్యం లైసెన్సు ఉన్న ప్రతి చోటుకూ రావు. అక్కడే తాగడానికి మద్యం అమ్మే లైసెన్సు ఉండాలి. దానితోపాటు ఒక బార్ కౌంటరు ఉండి, భోజనం తీసుకుంటేనే మద్యం ఇస్తామన్న షరతు లేకుండా అక్కడ అమ్మకం జరగాలి. భోజనంతోపాటే మద్యం వడ్డించే రెస్టారెంటుకు, కౌంటరులేని హాలుకు, సీసాలు ఇంటికి తీసుకెళ్లే దుకాణానికి ఈ మినహాయింపు అందదు. లైసెన్సు కాగితం చూసి తృప్తిపడిన రెస్టారెంటు యజమాని, బార్ కౌంటరు నిబంధన చదవకుండా మెషీను తెచ్చి పెట్టుకుంటే, మొదటి రోజునుంచే అది చట్టం బయట ఉన్నట్టు.

కస్టమర్లు తమలో తాము ఆడుకునే ఆట

పబ్బులో ఎలాంటి ప్రత్యేక పర్మిటూ లేకుండా అనుమతి ఉన్నది సమాన అవకాశాల ఆటకు. దానికి రెండు గుర్తులు: ఆటగాళ్లందరికీ గెలిచే అవకాశం సమానంగా ఉండాలి, ఎవరూ 'బ్యాంకు'కు, అంటే అందరి పందేలనూ ఒక్కడే ఎదుర్కొనేవాడికి, ఎదురుగా పందెం కాయకూడదు. పోకర్, బింగో, డామినోలు, క్రిబ్బేజ్ ఈ కోవలోకి వస్తాయి. రూలెట్, బ్లాక్‌జాక్ రావు. బ్యాంకును కస్టమర్లే వంతులవారీగా నడుపుతున్నారు, పబ్బుకు సంబంధం లేదు అని వాదించినా ఫలితం ఉండదు, ఎందుకంటే బ్యాంకు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని చట్టం చూడదు. ఒకడు అందరితోనూ ఆడే ఆట అయితే చాలు, అది పబ్బులో కుదరదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. మన దగ్గర పేకాట మీద వాదం ఎప్పుడూ నైపుణ్యం చుట్టూ తిరుగుతుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా తేల్చినప్పటినుంచి ఆ వాదానికి బలం ఉంది. బ్రిటన్‌లో ఆ దారి మూసుకుపోయింది. లండన్‌లోని గట్‌షాట్ అనే పోకర్ క్లబ్బు కేసులో పోకర్ నైపుణ్యపు ఆట అన్న వాదన వినిపించారు. 2007లో జ్యూరీ దాన్ని అంగీకరించలేదు, మరుసటి ఏడాది అప్పీలు కోర్టులోనూ అది నిలవలేదు. ఆ కేసు పాత చట్టం కింద నడిచింది. కొత్త చట్టమైతే అనుమానానికి తావే ఇవ్వకుండా, అదృష్టం, నైపుణ్యం కలిసి ఉన్న ఆట కూడా అదృష్టపు ఆటేనని, అసాధారణ నైపుణ్యంతో అదృష్టాన్ని పూర్తిగా తప్పించగలిగినా అది మారదని రాసి పెట్టింది. డార్ట్స్ లాంటి క్రీడలు ఈ నిర్వచనంలోకి రావు. ప్రవేశ రుసుము తీసుకుని బహుమతి ఇచ్చే జనరల్ నాలెడ్జ్ క్విజ్‌లో అదృష్టానికి చోటు లేదు కాబట్టి అదీ గేమింగ్ కాదు. ఈ కారణంగానే క్విజ్ రాత్రికి టికెట్ పెట్టే పబ్బు, పక్కరోజు పోకర్ రాత్రికి టికెట్ పెట్టలేదు.

పోకర్ మీద పరిమితులు అన్నింటికన్నా బిగువుగా ఉన్నాయి. ఒక ఆటకు ఒక మనిషి పెట్టగలిగే పందెం 5 పౌండ్లకు మించకూడదు. ఆ పబ్బులో ఆ రోజు పోకర్ మీద పెట్టిన పందేలన్నీ కలిపి 100 పౌండ్లు దాటకూడదు. ఒక ఆటలో బహుమతి కూడా 100 పౌండ్లకు మించకూడదు. చాలామంది మొదటి అంకెను గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మరిచిపోతారు, నిజానికి కాళ్లకు అడ్డం పడేది రెండోదే. టోర్నమెంటు పెట్టి ఒక్కొక్కరి దగ్గర ఐదు పౌండ్లు తీసుకుంటే ఇరవై మందితో ఆ రోజు కోటా అయిపోతుంది. ఇరవై ఒకటో మనిషి వస్తే అతన్ని కూర్చోబెట్టకూడదు, లేదా ముందే ప్రవేశ మొత్తాన్ని తగ్గించి ఉండాలి. చిప్స్ (డబ్బుకు బదులు వాడే బిళ్లలు) అయిపోయినవాడు మళ్లీ డబ్బు కట్టి ఆటలోకి వచ్చే రీబై పద్ధతి ఉంటే, ఆ డబ్బూ అతని ఐదు పౌండ్లలోనే లెక్క. మొదట రెండు పౌండ్లు కట్టినవాడు తర్వాత మూడు పౌండ్లకు మించి కట్టలేడు.

టోర్నమెంటు కాకుండా ప్రతి చేతికీ, అంటే ముక్కలు పంచిన ప్రతిసారీ, డబ్బు పెట్టే ఆటైతే పరిస్థితి ఇంకా ఇరుకు. ఆరుగురు కూర్చుని ఒక్కో చేతికి సగటున ఒక్కో పౌండు చొప్పున పెడితే చేతికి ఆరు పౌండ్లు పోగవుతాయి. పదహారు చేతులకు 96 పౌండ్లు, పదిహేడో చేతికి 102. అంటే ఆట వేడెక్కకముందే, బహుశా గంట తిరగకముందే, పబ్బు చట్టం దాటేస్తుంది. అదే డబ్బు మళ్లీ మళ్లీ చేతులు మారిందన్న సమాధానం పనికిరాదు, ప్రతిసారీ అది కొత్త పందెమే. రోజువారీ పరిమితిని పెట్టినవారి ఉద్దేశం పబ్బులో టోర్నమెంటు తప్ప మరో రకం పోకర్ ఆచరణలో సాధ్యం కాకుండా చేయడమే అయి ఉంటే, వారు కచ్చితంగా విజయం సాధించారు.

ఈ ఆటలన్నింటికీ వర్తించే షరతులు మరికొన్ని ఉన్నాయి. పందెం డబ్బులోంచి గానీ గెలుపులోంచి గానీ పబ్బు ఏమీ మినహాయించుకోకూడదు. ఆడేందుకు రుసుము వసూలు చేయకూడదు. రుసుమన్న మాట వాడకుండా అదే పని చేసినా ఒప్పుకోరు: ఆడాలంటే భోజనం ప్యాకేజీ కొనాలనో, రెండు డ్రింకులు తప్పనిసరి అనో పెడితే అది మారువేషంలో ఉన్న రుసుమే. బయటి సంస్థ వచ్చి పోకర్ లీగ్ నడిపితే, ఆ సంస్థ కూడా ఆటగాళ్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు. పబ్బు తన సొంత డబ్బుతో ఆ సంస్థకు చెల్లించుకోవచ్చు. సభ్యులకు మాత్రమే ప్రవేశం ఉన్న క్లబ్బులకు దీనికన్నా ఉదారమైన నిబంధనలున్నాయి. అక్కడ పోకర్‌లో 10 పౌండ్ల పందేనికి, చిన్న రుసుముకు అనుమతి ఉంది. క్లబ్బు నిబంధనలు చదివి పబ్బుకు అన్వయించుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఒక పబ్బులోని ఆటను మరో పబ్బులోని ఆటతో ముడిపెట్టడం కూడా నిషిద్ధం. ఒకచోటి ఫలితం ఇంకోచోటి ఫలితం మీద ఆధారపడినా, ఇక్కడి బహుమతి ఎంతన్నది అక్కడ ఎంతమంది ఆడారన్న దాన్నిబట్టి పెరిగినా, అది ముడిపెట్టినట్టే. ఐదు పబ్బులు కలిసి పందేలన్నీ ఒక కుండలో పోసి పెద్ద బహుమతి పెట్టే ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది. బహుమతి డబ్బు రూపంలో లేకపోయినా విలువ లెక్కలోకి వస్తుంది. పోకర్ గెలిచినవాడికి వేరే టోర్నమెంటులో సీటు ఇస్తే, ఆ సీటు ఖరీదు వంద పౌండ్ల పరిమితిలోనే ఉండాలి. పద్దెనిమిదేళ్లలోపు వారిని ఆడనివ్వకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ చూసుకోవాల్సిన బాధ్యత పబ్బు మద్యం లైసెన్సులో పేరున్న సూపర్‌వైజరుది. కస్టమర్లే కూర్చుని ఆడుకున్నారు, మాకు తెలియదు అన్న జవాబును కమిషన్ నియమావళి ముందుగానే కొట్టిపారేస్తుంది.

బింగో, అంటే మనం హౌసీ, తంబోలా అని పిలుచుకునే ఆట, ఇదే మినహాయింపు కింద నడుస్తుంది కానీ దానికి ఒక అదనపు గీత ఉంది. ఏడు రోజుల వ్యవధిలో బింగో పందేలు గానీ బహుమతులు గానీ 2,000 పౌండ్లు దాటితే దాన్ని అధిక టర్నోవరు బింగో అంటారు. ఒకసారి దాటితే కమిషన్‌కు తెలియజేయాలి. ఆ తర్వాత పన్నెండు నెలల లోపు మళ్లీ దాటాలంటే బింగో ఆపరేటింగ్ లైసెన్సు తీసుకోవాల్సిందే. సాధారణ పబ్బుకు ఈ గీత చాలా దూరంలో ఉంటుంది.

గోడమీది కాగితం

గుర్రప్పందేలకో ప్రపంచకప్పుకో పెట్టే స్వీప్‌స్టేక్‌లో ఒక్కొక్కరికీ చీటీ తీసి ఒక గుర్రమో జట్టో కేటాయిస్తారు. ఎంచుకునే స్వేచ్ఛ లేదు కాబట్టి అది బెట్టింగ్ కాదు, లాటరీ. బ్రిటన్‌లో లాటరీ అంటే లైసెన్సు ఉండాలి, లేదా చట్టం చెప్పిన మినహాయింపుల్లో ఒకదానిలో ఇమడాలి. పబ్బుకు సరిపోయేది కస్టమర్ లాటరీ అనే మినహాయింపు. టికెట్లు ఆ పబ్బులోనే, అక్కడికి వచ్చిన కస్టమర్లకే అమ్మాలి. బయట ప్రచారం చేయకూడదు. ప్రతి టికెట్ ధరా ఒకటే ఉండాలి. టికెట్ మరొకరికి బదిలీ కాదన్న సంగతి, నిర్వాహకుడి పేరు దానిమీద ఉండాలి. ఒక టికెట్ మీద గెలిచే బహుమతి 50 పౌండ్లకు మించకూడదు. నిర్వాహకుడికి లాభం మిగలకూడదు. అదే ప్రాంగణంలో మరో డ్రా ఏడు రోజుల లోపు జరపకూడదు.

నలభై ఎనిమిది జట్లున్న ప్రపంచకప్పుకు జట్టుకు రెండు పౌండ్ల చొప్పున టికెట్ పెట్టారనుకుందాం. వసూలైంది 96 పౌండ్లు. మొత్తం విజేతకే ఇస్తామంటే కుదరదు, 50 దగ్గర ఆగాలి. మిగిలిన 46 పౌండ్లు రన్నరప్‌కో, సెమీఫైనల్లో ఓడిన జట్ల చీటీలవారికో పంచేయాలి. టికెట్ ఐదు పౌండ్లు చేస్తే 240 పౌండ్లు వస్తాయి, వాటిని కనీసం ఐదుగురికి పంచితే తప్ప లెక్క తెగదు. గోడమీది కాగితంలో "మొత్తం విజేతకే" అని రాసి ఉన్న పబ్బుల్లో ఎన్నింటికి ఈ సంగతి తెలుసో చెప్పలేం గానీ, టికెట్ ధర ఒక్క పౌండు ఉన్నచోట మాత్రం, 48 పౌండ్లే కాబట్టి, తెలియకపోయినా చట్టం దాటినట్టు కాదు.

ఇంతకన్నా పెద్ద ఉల్లంఘన మరో రూపంలో కనిపిస్తుంది. బార్ వెనక ఒక బోర్డుమీద పేకముక్కలను బోర్లా అతికిస్తారు, వారమంతా టికెట్లు అమ్ముతారు, వారాంతంలో ఒక టికెట్ తీస్తారు, అది వచ్చినవాడు ఒక ముక్క తిప్పుతాడు. అనుకున్న ముక్క పడితే కుండలోని డబ్బంతా అతనిది, పడకపోతే ఆ డబ్బు వచ్చే వారానికి చేరుతుంది. వారాలు గడిచేకొద్దీ కుండ పెరుగుతుంది, కుండ పెరిగేకొద్దీ జనం పెరుగుతారు. పబ్బుకు ఇది మంచి బేరం. కానీ కస్టమర్ లాటరీలో బహుమతిని ముందుకు మోసుకెళ్లడం నిషిద్ధం, పైగా కుండ యాభై పౌండ్లు దాటిన వారంనుంచే రెండో షరతు కూడా తప్పినట్టు. పెట్టెల తాళం తెరవడం, చక్రం తిప్పడం లాంటి వేషాలు మారినా లోపల యంత్రాంగం ఇదే. ఎవరూ నష్టపోలేదు కదా, డబ్బంతా చివరికి కస్టమర్లకే వెళ్తుంది కదా అన్న వాదన వినడానికి బాగుంటుంది. కానీ పెరుగుతున్న కుండే జనాన్ని మళ్లీ మళ్లీ టికెట్ కొనేలా చేస్తుందని తెలిసే చట్టం దాన్ని ఆపింది. ఈ ఒక్క విషయంలో నాకు చట్టం పక్షమే సబబుగా అనిపిస్తుంది.

ధార్మిక సంస్థకు డబ్బు పోగుచేయాలనుకుంటే వేరే మార్గం ఉంది. ఆ సంస్థ కౌన్సిల్ దగ్గర చిన్న సొసైటీ లాటరీగా నమోదు చేసుకుంటే, దాని టికెట్లను పబ్బులో అమ్మవచ్చు. అక్కడ వసూళ్లలో కనీసం 20 శాతం సంస్థ ఆశయానికి వెళ్లాలి.

మూలనున్న మెషీను

ఇప్పటిదాకా చెప్పిన ప్రతిదానిలోనూ పబ్బుకు వాటా లేదు. మెషీనులో ఉంది, అందుకే ఇక్కడ లెక్కలన్నీ మారిపోతాయి.

పబ్బులో పెట్టగలిగేవి సి, డి అనే రెండు తరగతుల మెషీన్లు మాత్రమే. సాధారణంగా కనిపించే సి తరగతి ఫ్రూట్ మెషీనులో ఒక్క ఆటకు గరిష్ఠ పందెం 1 పౌండు, గరిష్ఠ బహుమతి 100 పౌండ్లు. ఈ బహుమతి 2014కు ముందు 70 పౌండ్లే ఉండేది. బెట్టింగ్ దుకాణాల్లో ఒక్కో ఆటకు 100 పౌండ్లదాకా మింగేసే మెషీన్ల మీద ఏళ్లతరబడి గొడవ జరిగి, 2019 ఏప్రిల్‌లో ఆ పందేన్ని 2 పౌండ్లకు కుదించిన సంగతి చాలామందికి గుర్తుండవచ్చు. అవి వేరే తరగతివి, పబ్బుల్లోకి ఎన్నడూ రాలేదు.

రెండు మెషీన్లదాకా పబ్బుకు హక్కుగానే వస్తుంది. కౌన్సిల్ అనుమతి అడగనక్కర్లేదు, తెలియజేసి 50 పౌండ్ల రుసుము కడితే చాలు. అయితే ఈ నోటీసు ప్రాంగణానికి కాక లైసెన్సుదారుడికి అంటిపెట్టుకుని ఉంటుంది. పబ్బు చేతులు మారితే కొత్త లైసెన్సుదారు మళ్లీ నోటీసిచ్చి మళ్లీ కట్టాలి. మెషీను అక్కడే ఉంది, కరెంటు తీగ కూడా తీయలేదు, అయినా పాత నోటీసు పనికిరాదు. పబ్బు కొన్నవారి కాగితాల కట్టలో తప్పిపోయేది తరచూ ఇదే.

మూడో మెషీను కావాలంటే పర్మిట్ అడగాలి. కొత్త దరఖాస్తుకు 150 పౌండ్లు, ఆపైన ఏటా 50 పౌండ్లు. ఇక్కడ కౌన్సిల్‌కు కాదనే అధికారం ఉంది, అడిగినదానికన్నా తక్కువ సంఖ్యకో, వేరే తరగతికో అనుమతి ఇవ్వవచ్చు. పబ్బు ఎంత విశాలమైనది, బార్‌నుంచి మెషీను కనిపిస్తుందా, పిల్లలతో కుటుంబాలు వస్తాయా అన్నవి చూస్తారు.

మెషీను ఎక్కడ నిలబెట్టాలన్నదీ నియమావళి చెబుతుంది. సిబ్బంది చూపులోనో మరో రకమైన పర్యవేక్షణలోనో ఉండాలి. టాయిలెట్‌కు వెళ్లే నడవా చివర, ఎవరి కంటా పడని చోట పెడితే తనిఖీలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. పబ్బులో ఏటీఎం ఉంటే, ఆడుతున్నవాడు దాన్ని వాడాలంటే ఆట ఆపి లేవక తప్పని దూరంలో ఉండాలి. మెషీనులో క్రెడిట్ కార్డు నడవకూడదు, జూదం కోసం బార్‌లో అప్పు ఇవ్వకూడదు. ఏటీఎం నిబంధన నాకు మొదట హాస్యాస్పదంగా తోచింది. కానీ ఓడుతున్న మనిషి చెయ్యి చాపితే డబ్బు అందడానికీ, కుర్చీ దిగి పది అడుగులు నడిచి వెళ్లడానికీ మధ్య ఉన్న తేడాను పట్టుకున్నవాడే దాన్ని రాసి ఉంటాడని తర్వాత అర్థమవుతుంది.

ప్రతి మెషీను మీదా పందేల్లో ఎంత శాతం ఆటగాళ్లకు తిరిగి వెళ్తుందో చూపించాలి. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. 80 శాతం అని ఉంటే, వంద పౌండ్లు వేసిన మనిషికి ఎనభై తిరిగివస్తాయని కాదు. వేల ఆటల మీద తీసిన సగటు అది. ఒక సాయంత్రపు అనుభవానికి దానితో పెద్దగా పొత్తు ఉండదు. పైగా బ్రిటన్ పబ్బు మెషీన్లలో కొన్ని పూర్తి యాదృచ్ఛికం కావు. అంతకుముందు ఎంత చెల్లించిందన్నదాన్నిబట్టి గెలిచే అవకాశాన్ని సర్దుకునే రకం మెషీన్లున్నాయి, అలాంటివాటిమీద ఆ సంగతి రాసి ఉండాలి. "చాలాసేపటినుంచి చెల్లించలేదు, ఇక పడుతుంది" అనే మాట నిజమైన యాదృచ్ఛిక మెషీను ముందు అజ్ఞానం. సర్దుకునే మెషీను ముందు అందులో కాస్త నిజం ఉంది, ఆ కాస్త నిజమే మనిషిని ఎక్కువసేపు నిలబెడుతుంది.

మెషీనును ఎవరి దగ్గరపడితే వారి దగ్గర తెచ్చుకోవడానికీ వీల్లేదు. సరఫరా చేసేవారికి, మరమ్మతు చేసేవారికి కమిషన్ లైసెన్సు ఉండాలి. ఆదాయం మీద పన్ను వేరే ఉంది. 2013 ఫిబ్రవరి 1నుంచి అమల్లో ఉన్న మెషీన్ గేమ్స్ డ్యూటీ కింద, వేసిన పందేల్లోంచి చెల్లించిన గెలుపులు తీసేయగా మిగిలినదానిమీద, సి తరగతి మెషీనుకు సాధారణంగా 20 శాతం కట్టాలి. వారానికి మెషీనులో నికరంగా 200 పౌండ్లు మిగిలితే, సరఫరాదారుకు అద్దె చెల్లించకముందే 40 పౌండ్లు ఖజానాకు పోతాయి. పన్ను శాఖలో నమోదు చేసుకోవాల్సింది మెషీను యజమాని కాదు, సాధారణంగా పబ్బు లైసెన్సుదారు. సరఫరాదారే చూసుకుంటాడనుకుని ఊరుకున్నవారికి తర్వాత వచ్చే నోటీసు ఖరీదు ఎక్కువ.

అన్ని నిబంధనల్లోకీ ఆచరణలో బలహీనంగా ఉన్నది వయసు తనిఖీ. సి తరగతి మెషీను ఆడాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. 2018లో ఇంగ్లండ్ పబ్బుల నమూనాలోకి పిల్లలను పరీక్షార్థం పంపి చూస్తే, దాదాపు 90 శాతం పబ్బులు వారిని ఆపలేకపోయాయని గ్యాంబ్లింగ్ కమిషన్ ప్రకటించింది. బీరు అడిగిన కుర్రాడిని గుర్తింపు కార్డు అడిగే అదే సిబ్బంది, మెషీను ముందు నిలబడ్డ కుర్రాడిని పట్టించుకోలేదు. బీరు అమ్మాలంటే మనిషి కౌంటరు దగ్గరికి రావాలి, మెషీనుకు ఎవరినీ అడగనక్కర్లేదు. సిబ్బంది శిక్షణలో మెషీను తెర వైపు చూడటాన్ని ఎవరూ పనిగా చెప్పకపోవడమే ఇందుకు కారణమై ఉంటుంది.

పూర్తిగా కుదరనిది, హద్దు దాటితే జరిగేది

బెట్టింగ్ మాత్రం పబ్బులో ఏ రూపంలోనూ నడపడానికి లేదు. కస్టమర్ తన ఫోన్లో లైసెన్సు ఉన్న సంస్థ దగ్గర పందెం కాసుకుంటే అది అతని వ్యవహారం. బార్ మనిషి చీటీలు తీసుకుని బుకీకి చేరవేసినా, యజమాని తానే పందేలు స్వీకరించినా నేరం. 1961 మే నెలలో బెట్టింగ్ దుకాణాలు చట్టబద్ధం కాకముందు, బుకీల తరఫున చీటీలు మోసేవారు పబ్బుల్లో తిరుగుతుండేవారు. ఆ అలవాటు మళ్లీ తలెత్తకూడదన్న పట్టుదల చట్టంలో ఇంకా కనిపిస్తుంది.

నిబంధనలు తప్పితే రెండు దారుల్లో ముప్పు వస్తుంది. లైసెన్సు లేకుండా జూదానికి సౌకర్యం కల్పించడం, అనుమతి లేని మెషీను ఉంచడం నేరాలు కాబట్టి ప్రాసిక్యూషన్ జరగవచ్చు. అంతకన్నా తరచుగా వినిపించేది కౌన్సిల్ చేతిలోని అధికారం. రెండు మెషీన్ల హక్కునైనా, సమాన అవకాశాల ఆటల మినహాయింపునైనా ఒక్కో పబ్బుకు విడిగా తొలగించే ఆదేశం కౌన్సిల్ ఇవ్వగలదు. మెషీన్ల షరతులు ఉల్లంఘించినా, ప్రాంగణాన్ని ప్రధానంగా జూదానికే వాడుతున్నా, అక్కడ చట్టం కింద నేరం జరిగినా, లేదా ఆ హక్కు కొనసాగడం చట్టం లక్ష్యాలకు పొసగకపోయినా ఆ ఆదేశానికి ఆధారం ఉన్నట్టే. ఆదేశానికి కనీసం 21 రోజుల ముందు లైసెన్సుదారుకు నోటీసివ్వాలి, అతను కోరితే విచారణ జరపాలి, కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ నిర్ణయం మీద ఇంగ్లండ్, వేల్స్‌లలో మేజిస్ట్రేట్ కోర్టుకు, స్కాట్లండ్‌లో షెరిఫ్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. మద్యం లైసెన్సు ఈ ఆదేశంతో రద్దు కాదు. పబ్బు తెరిచే ఉంటుంది, ఆటలు మాత్రం ఆగిపోతాయి.